మూఢం వస్తే మా ఇంట్లో పండుగ

పొద్దున మా గల్లీలో ఎవరో బండి మీది నుంచి ఇనుప పైపులు కింద పడేశారు. ఖణేల్‌మన్న ఆ చప్పుడు వినగానే నేను చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టేసి లేచి నిలబడ్డాను. ఎదురింట్లో ఏదో ఫంక్షన్‌ట. పిల్లగాళ్లు షామియానా మూట విప్పుతుంటే ఆ గుడ్డ వాసన మా గుమ్మం దాకా వచ్చింది. మడత పెట్టి ఉంచిన షామియానాకు ఒక వాసన ఉంటుంది. వాన తడి, బగారన్నం పొగ, ఎవరి పెళ్లిలోనో ఒలికిన పన్నీరు, అన్నీ కలిసి ముక్కిపోయిన వాసన. అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం కాళ్లు నిలవవు. ఎక్కడికో బయల్దేరాలి, అందరూ ఎక్కేశారు, బండి పోతుంది అని ఒకటే ఆరాటం. ఈ వయసులో నేను ఎక్కాల్సిన బండి ఏదీ లేదు. అయినా చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వాకిట్లోకి వచ్చేశాను.

ఈ ఆరాటం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా అత్తమ్మ బాలమణి అంటించింది. మీరెవరూ ఆమెను చూడలేదు కనుక చెప్తాను. పొట్టి మనిషి. ఆమె నడిస్తే పక్కన మనం పరుగెత్తాలి. ఆమె కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. పళ్లెం ఎడమ చేతిలో పెట్టుకుని, వాకిలికీ వంటింటికీ మధ్య తిరుగుతూ, ఎవరినో ఒకరిని తిడుతూ తినేది. "కూసుంటే కాళ్లల్ల చీమలు పాకినట్టైతదే నాకు" అనేది. నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు మీద పేరు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది. చదువుకున్నవాళ్లయితే వరుసగా చెప్తారేమో. నాకు మాత్రం అత్తమ్మ మాట ఎత్తితే ముందు ఒక్కటే గుర్తొస్తుంది. మా ఆయన పోయాక ఆ ఇంటి బండిలో నాకింకా చోటుందా లేదా అని ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్న రోజులు. ఆ సంగతి తేల్చింది ఆమే. ఎలా తేల్చిందో తెలియాలంటే ముందు ఆ బండి గురించి, మూఢం గురించి చెప్పాలి.

నేరేడ్‌మెట్‌లో మా అత్తగారిది టెంట్ హౌస్. మామ మొదలుపెట్టిన పని. ఆయన నేను కోడలిగా రాకముందే పోయాడు. అప్పటి నుంచి అత్తమ్మే నడిపింది. ముందు వాకిలి, వెనక గోదాం, మధ్యలో ఇరుకు గదుల్లో మేమందరం. పెద్దకొడుకు యాదగిరి, అంటే మా బావ, చిన్న లారీ నడిపేవాడు. చిన్నకొడుకు శీను, మా ఆయన, టెంట్లు కట్టేవాడు. బావ భార్య లలితక్క, వాళ్ల పిల్లలు, వచ్చి ఇక పోవడం మరచిపోయిన చుట్టాలు, అందరూ కలిసి ఇల్లు ఎప్పుడూ సంతలాగే ఉండేది. లోకానికి ముహూర్తాలుంటే పండుగ. మాకు ముహూర్తాలుంటే చాకిరీ. నిద్ర లేదు, వేళకు తిండి లేదు. ఊరివాళ్ల పెళ్లిళ్లలో మా కుర్చీలు తిరిగేవి గానీ వాటిలో మేం కూర్చునేవాళ్లం కాదు. మూఢం వచ్చిందంటే ఎవరూ శుభకార్యం పెట్టుకోరు కదా. లారీ ఖాళీ, గోదాం నిండా సామాను, ఇంటి నిండా చేతులు ఊరికే ఉండలేని మనుషులు. అత్తమ్మ క్యాలెండర్ ముందు నిలబడి మా ఆయనతో చదివించుకునేది. "శుక్ర మూఢం ఎప్పటి సందిరా? జెర మంచిగ చూడు." లోకమంతా మంచిరోజు కోసం వెతికితే ఆమె ఏమీ లేని రోజు కోసం వెతికేది.

పెళ్లి పనికి లారీ బయల్దేరేటప్పుడు మాత్రం ఇంకో పద్ధతి. ఇంటి కోడలు ఒకతె నిండు నీళ్ల చెంబుతో బండికి ఎదురు రావాలి. అది బావ పట్టింపు. రోడ్ల మీద తిరిగే మనిషి, నిమ్మకాయలు మిరపకాయలు కట్టనిదే తాళం తిప్పడు. నేను వచ్చాక ఆ చెంబు నాకు అప్పగించారు. గల్లీ చివరి నుంచి లారీకి ఎదురుగా నడిచొస్తుంటే మా ఆయన పైన పైపుల మీద కూర్చుని పళ్లికిలించేవాడు. నాకు నవ్వాగక చెంబులో నీళ్లు ఒలికేవి. ఆ వేళకు అత్తమ్మ కనిపించేది కాదు. అప్పటిదాకా మూటలు చూసి, తాళ్లు లాగి, అందరినీ తరిమిన మనిషికి సరిగ్గా బండి కదిలేటప్పుడు గోదాంలో ఏదో పని గుర్తొచ్చేది. నేను పట్టించుకోలేదు. ఆమెకు పనికేం తక్కువ అనుకున్నాను.

మాది భువనగిరి పక్కన ఊరు. మూఢంలో మా అమ్మ కొత్త చీపురు కూడా తీసేది కాదు. అలాంటిది, పెళ్లయిన ఏడాది మూఢం మొదలైన రోజు పొద్దున్నే అత్తమ్మ వచ్చి నా చేతిలో చేట లాక్కుంది.

"ఏమే, ఇంక తయారు గాలే? బండెక్కు."

"ఎక్కడికి అత్తమ్మా?"

"నాకేం ఎరుక? బండికెరుక."

"ఇయ్యాల మూఢం గదా అత్తమ్మా..."

"గందుకే పోతున్నం. మంచిరోజైతే మనం పనిల ఉంటం గదనే, పిచ్చిదానా!"

ముందు సీటు ఆమెది. ఒళ్లో ఇంట్లో అందరికన్నా చిన్న పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకునేది. ప్రతి మలుపులో బావ బండి ఆపి "ఎటు?" అని అడగాలి. వాడు ఏ చెయ్యి ఊపితే అటు పోవాలి. ఒకసారి వాడు నాలుగు మలుపుల్లోనూ ఒకే చెయ్యి ఊపి మళ్లీ మా ఇంటి ముందుకే తెచ్చాడు. "మంచిగైంది, ఊరగాయ మర్చిపోయిన" అని అత్తమ్మ దిగి జాడీ తెచ్చుకుంది. వెనక మేమంతా పెళ్లిళ్లలో కింద పరిచే దరీల మీద కూర్చుని, ఎక్కడికి పోతున్నామో తెలియక, గుంతలు వచ్చినప్పుడల్లా ఒకరి మీద ఒకరం పడుతూ అరిచేవాళ్లం. మా ఊళ్లో ఎక్కడికి పోతున్నామో తెలియకుండా ఎవరూ అడుగు బయట పెట్టరు. నాకు భయం వేసింది. కానీ ఆ భయం బాగుంది.

ఆ రోజు పిల్లవాడి చెయ్యి మమ్మల్ని కాప్రా చెరువు దాకా తీసుకుపోయింది. "ఎండ కొడుతుంది, నీడకు ఒక్క గుడ్డ కడుత" అన్నాడు మా ఆయన. టెంట్ హౌస్ మనుషులతో అదే చిక్కు. చేతులు మొదలుపెడితే ఆగవు. ఒక గుడ్డ పక్కన ఇంకో గుడ్డ, చుట్టూ తెరల్లా కట్టే కనాత్‌లు, ఎవరో అలవాటు కొద్దీ కుర్చీలు వరుసగా వేశారు, ఇంకెవరో ముందర బల్ల పెట్టి తెల్లగుడ్డ పరిచారు. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ పోయారు, మొత్తం ఏమవుతోందో ఎవరూ చూడలేదు. పక్కన పొయ్యి మీద బగారన్నం ఉడుకుతోంది. ఇంతలో ఒక తాత వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ఆయన వెనక ఇద్దరు ముసలమ్మలు. చూస్తుండగానే వరుస నిండిపోయింది.

లలితక్క నన్ను గిల్లింది. "ఎవరే వీళ్లు? మీ దిక్కోళ్లా?"

"మీ దిక్కోళ్లనుకున్న అక్కా!"

తాత మా ఆయనను పిలిచాడు. "డాక్టర్ సాబ్ ఎప్పుడొస్తడు బిడ్డా?"

"ఏ డాక్టర్ తాతా?"

"కండ్ల డాక్టర్. ఈడ ఫిరీగ చూస్తరంట గదా."

అత్తమ్మ గరిటె పట్టుకునే వచ్చి తాత ముందు నిలబడింది. "నీ కండ్లకేమైంది తాతా? చెరువు అవతలికెళ్లి మా టెంట్ కనవడ్డది నీకు! మస్తున్నయ్ నీ కండ్లు. ఆకలైతుందా, గది చెప్పు."

తాత ఆలోచించి, "జెర అయితుంది" అన్నాడు.

"సుగుణా, పప్పుల నీళ్లు పొయ్యి!" అని నన్ను కేకేసింది. కొత్త కోడలిని, తల ఎత్తని దాన్ని, ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ వడ్డించాను. మాకు మిగిలింది అడుగంటిన అన్నం. బావ చిరాకు పడ్డాడు, మనం తినడానికి వస్తే ఊరంతా తినిపోయిందని. అత్తమ్మ అంది కదా, "టెంట్ ఏసినంక వచ్చినోళ్లకు పెట్టకుంటే గది టెంట్ ఎట్లైతదిరా? గుడ్డ అయితది." పోతూ పోతూ ఒక ముసలమ్మ నా గడ్డం పట్టుకుని, "రేపు సుత పెడ్తరా బిడ్డా క్యాంపు?" అని అడిగింది. ఇంటికొచ్చే దారిలో మా ఆయన అదే గొంతుతో ఆ మాట అంటుంటే నవ్వి నవ్వి నా పక్కటెముకలు నొచ్చాయి.

వాన పడితే బండి కదలదు. అలాంటప్పుడు గోదాంలోనే ప్రయాణం. కుర్చీలన్నీ జంటలుగా పేరిస్తే రైలు, చుట్టిన దరీలు పైబెర్తులు. అత్తమ్మ బావ చొక్కా తొడుక్కుని టీసీ అయ్యేది. మా ఆయన కెటిల్ పట్టుకుని "చాయ్, గరం చాయ్" అంటూ కుర్చీల మధ్య తిరుగుతూ కావాలని నా దగ్గరే ఎక్కువసేపు ఆగేవాడు. "టికెట్ లేదా? అయితే పాట పాడు. పాడకుంటే కాజీపేటల దించేస్త!" అనేది అత్తమ్మ. నేను భయపడి మా ఊరి నాట్ల పాట ఎత్తుకున్నాను. ఆ ఇంట్లో నేను గొంతు విప్పడం అదే మొదలు. ఇప్పుడు నా గొంతు గరగరలాడుతుంది గానీ అప్పుడు బాగానే ఉండేది. అత్తమ్మ చొక్కా చేతులు మడుచుకుంటూ, "గింత గొంతు పెట్టుకొని ఇన్నిదినాలు నోరు కుట్టుకున్నవానే?" అంది.

మా ఆయన జ్వరంతో పోయాడు. పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. అంతకన్నా చెప్పలేను. మా బిడ్డ స్వాతికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. అత్తమ్మ కూర్చుంది. కూర్చోవడం అంటే మీకు అర్థం కాదు. ఆ మనిషి గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, పొద్దు గూకేదాకా అలాగే కూర్చునేది. పిల్లలు ఆమెను చూసి భయపడి పక్క గదిలో ఆడుకునేవాళ్లు.

లోకం మన కోసం ఆగదు కదా, ముహూర్తాలు వచ్చాయి. మొదటి పెళ్లి పని. లారీ నిండింది. నేను అలవాటు కొద్దీ చెంబు కోసం వంటింట్లోకి పోయాను. చెంబు లేదు. లలితక్క చేతిలో ఉంది. ఆమె నా వైపు చూడలేదు, తల వంచుకుని బయటకు పోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే ఏడ్చేదాన్నేమో. ఇంజను చప్పుడు కాగానే నా కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచాయి. గోదాం తలుపు తోసి లోపలికి పోయాను.

లోపల అత్తమ్మ ఉంది. చుట్టిన దరీల పక్కన, తలుపు వెనక, చీకట్లో నిలబడి ఉంది.

"నువ్వెందుకు వచ్చినవ్ ఈడికి?" అంది.

"మీరెందుకు వచ్చిండ్రు అత్తమ్మా?"

ఆమె అంతకుముందే మడతపెట్టి ఉన్న గుడ్డను విప్పి మళ్లీ మడత పెట్టసాగింది. బయట లారీ కదిలింది, పైపులు ఒకదానికొకటి తగులుతూ దూరమయ్యాయి. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేళ్లూ సరిగ్గా ఆ వేళకే ఆమెకు గోదాంలో ఏం పని ఉండేదో. ఆమె కూడా మొగుడు పోయిన మనిషే. ఇల్లంతా ఆమె మాట మీద నడిచేది, బండి కదిలే ఆ ఒక్క క్షణం తప్ప. ఆ సీజనంతా మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నాకు మాత్రం ఒకటే దిగులు, ఇక నా బతుకు ఈ తలుపు వెనకేనా అని.

తర్వాత మూఢం వచ్చింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పొద్దున నేను గిన్నెలు తోముతుంటే వాకిట్లో అత్తమ్మ గొంతు వినపడింది. చాలా రోజుల తర్వాత వినపడిన గొంతు. "యాదిగా, బండి తియ్యి!"

"వద్దమ్మా ఈసారి" అన్నాడు బావ. "తమ్ముడు పోయి ఏడాది సుత కాలే. మంది ఏమంటరు?"

"మంది పెండ్లిళ్లకు టెంట్లు ఏసినం గదా నెల సంది! అప్పుడేమనలే గదా? సుగుణేది?"

ఆమె నా దగ్గరికే వచ్చింది. నేను చేతుల బూడిద కడుక్కోకుండానే చెప్పాను, "నేను రాను అత్తమ్మా. మీరు పోయి రండి. బండికి మంచిది కాదు."

"ఎవరన్నరు?"

"ఎవరూ అనలే."

"అననోళ్ల మాట గింత మంచిగ ఇన్నవేందే నువ్వు!" అని నా ముందు గొంతుక్కూర్చుంది. గొంతు తగ్గించింది. "ఇను. మీ మామ పోయిన సంది నేను గా తలుపెనకనే నిలవడ్డ. మంచిరోజులన్నీ గట్లనే పోయినయ్ నాకు. నాది మూఢం ఒక్కటే. మూఢంల శకునం లేదు, ఎదురు లేదు, ముందట సీట్ల కూసుంటే అడిగెటోడు లేడు. ఎందుకు ఉరుకుత అనుకున్నవ్ గీ దినాలొస్తే? గది సుత వద్దంటవా నువ్వు? నువ్వు ఎక్కకుంటే నేను సుత ఎక్క. ఇద్దరం గోదాంల కూసుందాం, పా."

నేను లేచాను. ఆమె నన్ను బండి ఎక్కనివ్వలేదు. గల్లీ చివరికి పంపింది. "ఆడికెళ్లి నడుసుకుంట ఎదురుంగ రా" అంది. వట్టి చేతులతో, బూడిద చేతులతో, లారీకి ఎదురు నడిచాను. అందరూ బండిలో ఉన్నారు. అత్తమ్మ ముందు సీట్లో, ఆమె ఒళ్లో మా స్వాతి. బావ తాళం తిప్పాడు. బండి గుర్రుమని ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆగింది. బావ నా వైపు చూడకుండా నిమ్మకాయల వైపు చూశాడు. నేను వెనక్కి తిరిగాను.

అత్తమ్మ కిటికీలోంచి సగం బయటకు వచ్చి అరిచింది. "ఏమైందిరా అందరికి? ఇది ఎన్నడన్న తొయ్యకుంట షురూ అయిందా? శీను గాడుండంగ రోజూ తోసెటోడు, మర్చిపోయిండ్రా? దిగుండ్రి, తొయ్యుండ్రి! సుగుణా, నువ్వేడికి పోతున్నవ్? నువ్వు సుత తొయ్యి!"

తోశాం. పిల్లలూ పెద్దలూ అందరం. నా చేతుల బూడిద లారీ వెనక అంటుకుంది. బండి ఒక్కసారి దగ్గి, ఉరికింది. దాని వెనక పరుగెత్తి ఒక్కొక్కరే ఎక్కారు, నేను చివర. లలితక్క వంగి నా రెక్క పట్టి గుంజింది. "ఎంత బరువున్నవే తల్లీ! నిన్ను గుంజుడు కంటే బండి తోసుడే నయం" అంది. మా ఆయన పోయాక ఆ ఇంట్లో నాతో ఎవరైనా వేసిన మొదటి జోక్ అది. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు, పరుగెత్తి ఊపిరాడక రొప్పుతున్నాను.

స్వాతి చెయ్యి ఊపిన దారిలో ఊరు దాటి ఒక జామతోట పక్కన ఆగాం. టెంట్ లేపాలంటే నాలుగు మూలలూ ఒక్కసారే లేవాలి. ముగ్గురు నిలబడ్డారు. నాలుగో మూల మా ఆయనది. గుడ్డ ఆ పక్కకు కిందికి వేలాడింది. బావ తన పైపు పట్టుకుని అటే చూస్తూ నిలబడిపోయాడు, లేపమని చెప్పలేడు, వద్దని చెప్పలేడు.

"సుగుణా, గా మూల పట్టు" అంది అత్తమ్మ.

"నాకు రాదు అత్తమ్మా."

"వాడికి పుట్టంగనే వచ్చిందా?"

బావ తన పైపు లలితక్కకు ఇచ్చి నా దగ్గరికి వచ్చాడు. తాడు నా చేతికిచ్చి, "గిట్ల తిప్పి, గిట్ల గుంజమ్మా" అన్నాడు. గుంజాను. టెంట్ లేచింది, వంకరగా. ఎవరూ సరిచేయలేదు. ఆ వంకర నీడలోనే కూర్చుని తిన్నాం. అత్తమ్మ పళ్లెం పట్టుకుని చుట్టూ తిరుగుతూ, పప్పులో ఉప్పు లేదని లలితక్కను తిడుతూ తింది. ఆ తిట్లు విని పిల్లలు సంబరపడ్డారు.

మూఢం అయిపోయాక మొదటి పెళ్లి పని. ఇంజను చప్పుడు కాగానే నేను మళ్లీ గోదాం దారి పట్టాను. తలుపుకు తాళం వేలాడుతోంది. అత్తమ్మ దాని ముందే నిలబడి ఉంది. "కాళ్లు గుంజుతున్నయే, జెర గల్లీ చివరిదాక తోడు రా" అంది. ఇద్దరం నడిచాం. చివరికి పోయి వెనక్కి తిరిగాం. ఎదురుగా నిండు లారీ. గేటు దగ్గర చెంబుతో లలితక్క, మమ్మల్ని చూసి అడుగు వెయ్యకుండా అక్కడే ఆగిపోయింది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎవరికీ జంకని మనిషి, అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. ఇద్దరం నడిచాం. బావ కిందికి దిగాడు. తల్లినీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"అమ్మా" అన్నాడు.

"ఏందిరా?"

భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు, "జెర పక్కకు జరుగుండ్రి. బండి తిప్పాలె. ఆలస్యమైతుంది."

"తిప్పుకో. నీకెవరడ్డమున్నరు?" అంది అత్తమ్మ. అనడమైతే అంది గానీ నా చెయ్యి వదల్లేదు.

లారీ మా పక్క నుంచి పోయింది. మలుపు తిరిగేదాకా ఆమె కన్నార్పకుండా చూసింది. "ఎంత మంచిగ కనవడ్తదే ముందటికెళ్లి చూస్తే!" అంది. ఆ పెళ్లి ఎలా జరిగిందో నేను అడగలేదు, ఆమె కూడా అడగలేదు. ఆ రోజు నుంచి బండి కదిలే వేళకు ఆమెకు గోదాంలో పనిపడలేదు. నాకూ పడలేదు. తర్వాత చాలా ఏళ్లు పెళ్లి పనుల్లో మా ఆయన మూల నేనే పట్టాను.

ఇప్పుడు అత్తమ్మ లేదు. నేను మా బిడ్డ దగ్గర ఉంటున్నాను. ఒకచోట కూర్చోలేనని వీళ్లందరూ నన్ను కోప్పడతారు. అల్లుడు కొత్త ఆఫీసుకని బేగంపేటకు బయల్దేరతాడు, మనవరాలు పరీక్షకు పోతుంది, పక్కింటివాళ్లు పెళ్లిచూపులకు పోతారు. ఎదురుగా నేనుంటే ఎవరో ఒకరు ఒక్క క్షణం ఆగుతారు, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతారు. ఎందుకు ఆగుతారో నాకు తెలుసు. ఒక్కోసారి నా కాలు వెనక్కి పోతుంది, అబద్ధం చెప్పను. అప్పుడు నా అరచేతికి చెమట పడుతుంది. ఆ చెమట ఆమెదే అనిపిస్తుంది. లోపలికి పోను. గుమ్మంలోనే నిలబడి, "ఏంది నిలవడ్డరు? నడువుండ్రి, నడువుండ్రి" అంటాను.

వాళ్లు నడుస్తారు.